'మాలపల్లి' ఎవరి చేతికి అందకూడదనుకున్నారు?

నా చేతికి తొలిసారి వచ్చిన 'మాలపల్లి' ప్రతికి పాత దినపత్రిక కాగితంతో అట్ట వేసి ఉంది. సాంఘిక సంక్షేమ వసతిగృహంలో ఉండి ఇంటర్మీడియట్ చదువుతున్న రోజులవి. పుస్తకం చిరిగిపోకుండా వేసిన అట్ట అనుకున్నాను. అసలు కారణం దాన్ని నాకిచ్చిన సీనియరు విద్యార్థి చెప్పాడు. బస్సులోనో తరగతి గదిలోనో ఆ పేరు పైకి కనిపిస్తే పక్కవాడు ముందు పుస్తకం వైపు, ఆ తర్వాత చదువుతున్నవాడి ముఖం వైపు చూస్తాడు. ఏ ఊరని అడిగితే ఊరి పేరు చెప్పి పల్లె పేరు మింగేసే వయసు మాది. అందుకే నేనూ ఆ అట్ట తీయలేదు. ఈ నవలను ఒకనాటి ప్రభుత్వం ఒకసారి కాదు, రెండుసార్లు నిషేధించిందని తెలిసింది మాత్రం చాలా ఏళ్ళ తర్వాత. సర్కారు వేసిన అట్ట ఒకటి, మేము వేసుకున్న అట్ట మరొకటి. రెండింటికీ ఉన్న చుట్టరికం గురించి ఆలోచించడం అప్పటినుంచి మొదలుపెట్టాను.

సెప్టెంబరు 25 ఉన్నవ లక్ష్మీనారాయణ వర్ధంతి. 1958లో ఆయన కన్నుమూశారు. ఏటా ఆ రోజున ఎక్కడో ఒక చోట దండ పడుతుంది, దేశభక్తుడనీ సంఘసంస్కర్త అనీ నాలుగు మంచి మాటలు వినిపిస్తాయి. ఆ మాటల్లో నిషేధం ప్రస్తావన ఒక అలంకారంలా వచ్చి వెళ్ళిపోతుంది. తెల్లదొరలు నిషేధించారు కనుక గొప్ప నవల అన్నంతవరకే. దొరలు ఎందుకు భయపడ్డారు, ఆ భయంలో మన ఊరి పెద్దల వాటా ఎంత అన్న ప్రశ్నలు వేదిక దిగువనే ఉండిపోతాయి. ఆయన జీవితాన్ని ఆ ప్రశ్నల వైపు నుంచి చెప్పుకోవాలని నా ఉద్దేశం.

ఉన్నవ గుంటూరు జిల్లా వేములూరుపాడులో 1877లో పుట్టారు. బ్రాహ్మణ కుటుంబం. గుంటూరులో చదువుకుని, కొంతకాలం ఉపాధ్యాయ వృత్తి వైపు నడిచి, ఆ తర్వాత న్యాయవాదిగా స్థిరపడ్డారు. వీరేశలింగం ప్రభావం ఆ తరం మీద ఎంతటిదో మనకు తెలుసు. ఆ ప్రభావంతోనే 1902 ప్రాంతంలో గుంటూరులో వితంతు శరణాలయం నెలకొల్పి, విధవా వివాహాలు జరిపించే పనిలో దిగారు. ఆనాటి బ్రాహ్మణ సమాజంలో ఆ పనికి పూనుకోవడమంటే బంధువుల పంక్తిలో విస్తరి పోగొట్టుకోవడం, శుభాశుభాలకు పిలుపు లేకపోవడం. తన కులం విధించే శిక్ష ఎలా ఉంటుందో ఆయన ముందుగా తెలుసుకున్నది అక్కడే. భార్య లక్ష్మీబాయమ్మ ఈ పనులన్నింటా సగం కాదు, సగానికి మించి భారం మోశారు. 1922లో గుంటూరులో స్త్రీల విద్య కోసం స్థాపించిన శారదా నికేతనం ఆమె లేకుండా నిలిచేది కాదు. మన చరిత్ర రచన ఆమెను ఇప్పటికీ భర్త జీవితానికి అనుబంధంగానే చూస్తోంది. ఆ లోపం ఈ వ్యాసంలోనూ ఉంది, ఒప్పుకుంటున్నాను.

1910ల్లో బారిష్టరు చదువు కోసం ఆయన ఐర్లండు వెళ్ళారు. డబ్లిన్ నగరం అప్పుడు బ్రిటిష్ సామ్రాజ్యం మీద కుతకుతలాడుతోంది. భూమి కౌలుదారుదా, ఎక్కడో ఉన్న భూస్వామిదా అన్న తగాదా ఐరిష్ రాజకీయాలకు ప్రాణం. గుంటూరు నుంచి వెళ్ళిన న్యాయవాదికి స్వాతంత్ర్యమూ భూమీ వేర్వేరు ప్రశ్నలు కావని అక్కడ అర్థమై ఉంటుందని నేననుకుంటాను. ఆయన తిరిగి వచ్చిన కొద్దికాలానికే రష్యాలో 1917 విప్లవం వచ్చింది. ఆ వార్తలు తెలుగు పత్రికల్లో ముక్కలు ముక్కలుగా వచ్చేవి. ఐర్లండు, రష్యా, గాంధీ, వీరేశలింగం, వైష్ణవ భక్తి గీతాలు ఇవన్నీ ఒకే మనిషిలో పక్కపక్కన చేరాయి. ఇవి ఒకదానితో ఒకటి పొసగవు. పొసగని ఆ చోట్లలోంచే 'మాలపల్లి' పుట్టింది.

సహాయ నిరాకరణోద్యమంలో గుంటూరు జిల్లాకు ఉన్న స్థానాన్ని పాఠ్యపుస్తకాలు చీరాల పేరాల, పెదనందిపాడు పేర్లతో చెప్పి ఆగిపోతాయి. పల్నాడు కథ వేరు. అక్కడి పేద రైతులకు, పశువుల కాపరులకు అడవి అంటే మేత, వంటచెరకు, నాగలి కర్ర. అటవీ శాఖ వచ్చి పశువు తొక్కిన ప్రతి అడుగుకూ పుల్లరి కట్టమంది. 1921లో పుల్లరి నిరాకరణ మొదలైంది. పరిస్థితిని పరిశీలించడానికి మాచర్ల వెళ్ళిన ఉన్నవను, వేదాంతం నరసింహాచారిని ప్రభుత్వం అరెస్టు చేసింది. ఏడాది శిక్ష పడింది. వారు జైల్లో ఉండగానే 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర కన్నెగంటి హనుమంతును పోలీసులు కాల్చి చంపారు. రాయవేలూరు జైలులో ఉన్న ఉన్నవ అప్పుడు నవల రాస్తున్నారు.

ఒక బ్రాహ్మణ బారిష్టరు, రాజకీయ ఖైదీ, కలం పట్టినప్పుడు రాయదగిన కథలకు కొదవ లేదు. పురాణం రాయవచ్చు, దేశభక్తి నాటకం రాయవచ్చు. ఆయన ఎన్నుకున్నది మంగళాపురం అనే ఊరిని ఆనుకుని ఉన్న మాలపల్లిని. అప్పటికి తెలుగు నవలలో మాలవాడు ఉంటే గొడ్ల సావిడి దగ్గర ఉండేవాడు, పిలిస్తే పలికేవాడు. కథ మొత్తాన్ని ఒక మాల కుటుంబం చుట్టూ తిప్పి, ఊరి కామందును ఆ ఇంటి వాకిట్లోంచి చూపించడం అంతకు మునుపు జరగలేదు. భాష విషయంలోనూ అంతే. గిడుగు రామమూర్తి వాడుకభాష కోసం పోరాడుతున్న కాలంలో గుంటూరు జిల్లా జనం మాట్లాడే తెలుగును, పాలేరు నోట పలికే మాటను ఆయన నవలకెక్కించారు. మాల పిల్లవాడి మాటతీరుకు అచ్చులో చోటు దొరకడం చిన్న విషయమేమీ కాదు. పండితులు గ్రామ్యమని ఈసడించిన భాషలో మా తాతలు మాట్లాడారు.

నవల చదవని విద్యార్థుల కోసం కథను క్లుప్తంగా చెప్పాలి. రామదాసు మాల రైతు, భక్తుడు, తత్త్వాలు పాడుకునే సాధువు. భార్య మాలక్ష్మి. పెద్ద కొడుకు వెంకటదాసు, మరో కొడుకు సంగదాసు. సంగదాసు ఊరి కామందు చౌదరయ్య ఇంట పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడికి అతడు స్నేహితుడు. కూలి విషయంలో పాలేర్లందరినీ ఒక్క మాట మీదికి తెచ్చిన నేరానికి, చౌదరయ్య ఆగ్రహంతో కొట్టిన దెబ్బకు సంగదాసు చనిపోతాడు. అతడి పేరున సంగపీఠం వెలుస్తుంది. వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడనే మారుపేరుతో దళం కట్టి, ధనికుల్ని దోచి పేదలకు పంచుతాడు. భూమి పోగొట్టుకున్న రామదాసు కుటుంబం నేరస్తుల సెటిల్‌మెంటు పాలవుతుంది, అక్కడినుంచి జైలు పాలవుతుంది. నవలకు సంగవిజయమని మరో పేరు కూడా ఉంది. చచ్చిపోయిన పాలేరు పేరుతో విజయం!

సెటిల్‌మెంటు ఘట్టాల దగ్గర కొంచెం ఆగాలి. వీటిని మన విమర్శకులు త్వరగా దాటేస్తారు. 1911 నాటి నేరస్త జాతుల చట్టం కింద ఒక కులాన్నో తెగనో పుట్టుకతోనే నేరస్తులుగా ప్రకటించి, కాపలా మధ్య కాలనీల్లో పెట్టే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా పుట్టిందే. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు దాని నిర్వహణ అప్పగించారు. హాజరు పట్టీ, పాసు లేకుండా పొలిమేర దాటకూడదన్న నియమం, సంస్కరణ పేరిట వెట్టి. గుంటూరు న్యాయవాదికి ఆ చట్టం పుస్తకంలో ఎలా ఉందో తెలుసు, నేల మీద ఎలా ఉందో తెలుసు. కులం చేసిన పనిని చట్టం ముద్ర వేసి మళ్ళీ చేయడం ఎలా సాగుతుందో ఆ అధ్యాయాల్లో కనిపిస్తుంది. జైలును ఆయన లోపల కూర్చునే వర్ణించారు. ఏ సర్కారైనా ఇలాంటి పుటలను ఇష్టంగా చదువుతుందని నేననుకోను.

1922లో బెల్లంకొండ రాఘవరావు ఈ నవలను రెండు భాగాలుగా ప్రచురించారు. 1923లో మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. బోల్షివిజం అన్న మాట వింటేనే అధికారులు ఉలిక్కిపడే కాలమది. మన్యంలో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు 1922 ఆగస్టు నుంచి నడుస్తోంది. ధనికుల్ని దోచి పేదలకు పంచే మాల యువకుడి కథ అదే సమయంలో అచ్చులోంచి వచ్చింది. అంతకు ముందటి ఏడాదే, అంటే 1922లో, 1910 నాటి పత్రికా చట్టాన్ని రద్దు చేశామని ప్రభుత్వం ఉదారంగా చెప్పుకుంది. ఆ రద్దుతో పాటే నేర విచారణ స్మృతిలో 99ఏ సెక్షను చేర్చి, రాజద్రోహమనో వర్గాల మధ్య వైరం పెంచుతోందనో తోచిన పుస్తకాన్ని జప్తు చేసే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో పెట్టింది. ఒక తలుపు మూసి పక్క తలుపు తెరవడమంటే ఇదే. ఆ సెక్షను స్వాతంత్ర్యంతో పోలేదు. 1973 స్మృతిలో 95గా, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 98గా అంకె మార్చుకుని బతికే ఉంది.

వర్గాల మధ్య వైరం అన్న ఆ మాటను కులం వైపునుంచి చదివి చూడండి. చౌదరయ్య సంగదాసును కొట్టి చంపితే అది వైరం కింద లెక్కకు రాదు, అది ఊరి వ్యవహారం. కొట్టి చంపాడని రాస్తే వైరం. పల్లెకు బావి నీళ్ళు నిరాకరించడం శాంతి, నిరాకరించారని అచ్చు వేయడం శాంతిభంగం. చట్టం వాక్యంలో తటస్థంగా కనిపించే వర్గం అన్న పదం నేలకు దిగేసరికి ఎప్పుడూ పైనున్నవాడి మనోభావాన్నే కాపాడుతుంది. ఈ నూరేళ్ళలో ఆ అలవాటు పెద్దగా మారినట్టు నాకు కనిపించదు. 1969లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం పెరియార్ రామాయణ విమర్శకు లలాయి సింగ్ ప్రచురించిన హిందీ అనువాదాన్ని జప్తు చేసింది. అలహాబాద్ హైకోర్టు 1971లో ఆ ఉత్తర్వును కొట్టేసింది. 1976లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పును నిలబెట్టారు. ఏ కారణంతో జప్తు చేస్తున్నదీ ఉత్తర్వులో ప్రభుత్వం చెప్పకపోవడమే అక్కడ ప్రధాన లోపంగా తేలింది. కారణం చెప్పాలన్న తట్టే ఆ సర్కారుకు రాలేదు. వెనుకబడిన కులాల మనిషి అచ్చు వేసిన పుస్తకానికి కారణం కూడా దండగ అనుకుని ఉండాలి.

మద్రాసు కథకు వస్తాను. 1923లో మంత్రి పదవుల్లో ఉన్నది జస్టిస్ పార్టీ, బ్రాహ్మణేతరుల పార్టీగా పేరు మోసినది. పానగల్లు రాజా ముఖ్యమంత్రి. ద్వంద్వ ప్రభుత్వ విధానంలో పోలీసు, శాంతిభద్రతలు గవర్నరు చేతిలోనే ఉండేవి కనుక నిషేధపు ఉత్తర్వును నేరుగా మంత్రుల ఖాతాలో వేయడం న్యాయం కాదు. కానీ బ్రాహ్మణేతర రాజకీయం ఆ రోజుల్లో ఎవరి రాజకీయమో గుర్తుంచుకోవాలి. జమీందార్లు, పెద్ద రైతులు, వ్యాపారులు దాని వెన్నెముక. 1921లో మద్రాసు పులియంతోపులో మిల్లు సమ్మె సందర్భంగా ఆది ద్రావిడుల మీద జరిగిన దాడుల తర్వాత ఎం.సి. రాజా ఆ పార్టీతో విభేదించి 1923లో బయటికి వచ్చేశారు. బ్రాహ్మణేతరత్వం అన్న గొడుగు కింద మాలపల్లికి నీడ దక్కలేదన్నది ఆయన అనుభవం. ఉన్నవ నవలలో ప్రతినాయకుడు బ్రాహ్మణుడు కాదు, చౌదరయ్య. గవర్నరుకు ఇష్టం లేని నవలే ఊరి శూద్ర కామందుకూ ఇష్టం లేదు. ఈ రెండు అయిష్టాలు ఒకచోట కలిశాయి.

1926లో శాసనమండలిలో నిషేధం మీద వాడిగా చర్చ జరిగింది. 1928లో కొన్ని మార్పులతో ప్రచురణకు అనుమతి దొరికింది. మార్పులతో అన్న ఆ చిన్న పదాన్ని చాలామంది గమనించరు. పుస్తకం బయటికి రావాలంటే పుస్తకం కొంత తగ్గాలి. తాను జైల్లో రాసుకున్న మాటలను తానే దిద్దుకుంటున్న యాభై ఏళ్ళ మనిషిని ఊహించుకుంటే నాకు బాధ కలుగుతుంది. అలా దిద్దినందుకు ఆయనను తప్పు పట్టేవారున్నారు. నేను పట్టను. అసలు లేకపోవడం కన్నా కొంత తగ్గి ఉండడం మేలని మా కులాల వాళ్ళం రోజూ చేసుకునే లెక్కే అది.

ఇంతవరకు జరిగింది రాజకీయ కారణాల మీద నిషేధమని సరిపెట్టుకోవచ్చు. రెండో నిషేధం నాకు ఎక్కువ చెబుతుంది. 1928 నుంచి ఏడేళ్ళపాటు నవల చట్టబద్ధంగానే దొరికింది. పండితులు చదివారు, కాంగ్రెసు నాయకులు చదివారు, కాశీనాథుని నాగేశ్వరరావు పీఠిక రాశారు. సామ్రాజ్యం కూలలేదు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆ నవలను పాఠ్యగ్రంథంగా నిర్ణయించింది. 1936లో ప్రభుత్వం మళ్ళీ నిషేధించింది, పాఠ్య జాబితా నుంచీ తీసేసింది. అక్షరాలు అవే, కథ అదే. మారింది చదివేవాడు. గ్రంథాలయంలో పెద్దమనిషి చదివితే సాహిత్యమైనది కాలేజీ కుర్రవాడు పరీక్ష కోసం చదివితే ప్రమాదమైంది. సంగదాసు ఎందుకు చనిపోయాడని ప్రశ్నపత్రంలో అడిగితే, పల్నాడులోనో దివిసీమలోనో భూములున్న ఇంటి బిడ్డ జవాబు రాయాలి. రాయడానికి ముందు తన ఇంటి పాలేరును ఒకసారి తలుచుకోవాలి. ఆ ఒక్క తలపు జరగకూడదన్నదే ఆ ఉత్తర్వు సారాంశమని నా అభిప్రాయం. మాల పిల్లవాడు చదువుతాడన్న భయం అప్పటికి అంతగా లేదు. ఇంటర్మీడియట్ దాకా వచ్చే మాల పిల్లలు ఎందరని!

ఇదే కథ 2021 ఆగస్టులో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చూశాం. ఆంగ్ల సాహిత్యం ఆనర్సు పాఠ్య ప్రణాళిక నుంచి మహాశ్వేతాదేవి 'ద్రౌపది' కథను, తమిళ దళిత రచయిత్రులు బామ, సుకీర్తరాణిల రచనలను తొలగించారు. ఆ పుస్తకాలు బజారులో దొరుకుతూనే ఉన్నాయి. ఎవరూ జప్తు చేయలేదు. సిలబస్ నుంచి మాత్రం పోయాయి. మన కాలపు నిషేధాలకు గెజిట్ అవసరం లేదు, ఒక కమిటీ చాలు.

1937 జులైలో రాజగోపాలాచారి ప్రధానిగా కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడి 'మాలపల్లి'పై నిషేధాన్ని తొలగించింది. మంచి పనే, కాదనను. మరుసటి ఏడాదే ఎం.సి. రాజా తెచ్చిన ఆలయ ప్రవేశ బిల్లును అదే రాజగోపాలాచారి శాసనసభలో వ్యతిరేకించారు. పుస్తకంలో మాలవాడికి విముక్తి, గుడి గుమ్మం దగ్గర వాయిదా. జైలులో ఉన్న కాంగ్రెసువాది రాసిన నవల కనుక కాంగ్రెసు ప్రభుత్వం విడిపించింది, మాలల గురించిన నవల కనుక కాదు. ఈ తేడాను ఉత్సవ సభలు ఎన్నడూ చెప్పవు.

అదే ఏడాది, 1938లో, గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' సినిమా వచ్చింది. చలం కథ, తాపీ ధర్మారావు మాటలు, కాంచనమాల నటన. 'మాలపల్లి'కీ దీనికీ కథలో సంబంధం లేదు. ఇక్కడ ప్రశ్న అగ్రహారపు బ్రాహ్మణ యువకుడు మాల పిల్లను ప్రేమించడం. సనాతనులు మండిపడ్డారు, జనం విరగబడి చూశారు. మరుసటి ఏడాది రామబ్రహ్మమే తీసిన 'రైతుబిడ్డ' జమీందారీ దోపిడీని ముట్టుకుంది. జమీందార్లు దానిని ప్రదర్శించకుండా అడ్డుపడ్డారు, కొన్ని చోట్ల నిషేధాలూ వచ్చాయి. సినిమాకు అండగా నిలిచిన సారథీ సంస్థ వెనుక చల్లపల్లి జమీందారు ఉండడం ఈ కథలో విచిత్రం. ప్రేమ విషయంలో కులాన్ని దాటితే కొంత క్షమాపణ దొరికింది. భూమిని ముట్టుకున్నప్పుడు ఆ మాత్రం కూడా దొరకలేదు. 'మాలపల్లి' నేరం కూడా ఇదే, అది కులాన్ని భూమితో కలిపి చూపింది.

ఉన్నవను నేను పూజించను. మా తరం దళిత విమర్శకులు ఆయన నవల మీద వేసిన ప్రశ్నలు నావి కూడా. రామదాసు ఎందుకంత సాత్వికుడు? మాలవాడు పాఠకుడి సానుభూతికి అర్హుడు కావాలంటే ముందు వైష్ణవుడు కావాలా, వేదాంతం చెప్పాలా? మాంసం తినే, కల్లు తాగే, తిరగబడే మాలవాడికి నవలలో మిగిలింది దొంగతనమూ జైలు చావూనే ఎందుకు? సంగదాసు ఆశయాన్ని ముందుకు తీసుకువెళ్ళే పెద్దరికం కామందు కొడుకు స్నేహం మీద ఎందుకు ఆనాలి? ఇవి సంస్కర్త చూపుకు ఉన్న పరిమితులు. పల్లె పక్కన నిలబడిన మనిషి పల్లెలో పుట్టిన మనిషి కాలేడు. అయితే ఒక సంగతి దగ్గర నేను ఆగిపోతాను. ఆ రోజుల్లో మా పల్లెలో పుట్టిన మనిషి రాయడానికి అక్షరమే లేదు. ఒక పుస్తకాన్ని 1923లో నిషేధించారు, రెండోసారి 1936లో. రాయబడని పుస్తకాలను ఏ ఏడాది నిషేధించారో ఏ గెజిట్‌లోనూ లేదు.

ఉన్నవ ఆ తర్వాత కూడా ఉప్పు సత్యాగ్రహంలో, 1942లో జైళ్ళకు వెళ్ళారు. నాటకాలు రాశారు, వాటిలో పల్నాటి నాగమ్మ కథ 'నాయకురాలు' ఒకటి. స్వాతంత్ర్యం వచ్చాక పదవుల వరుసలో ఆయన కనిపించరు. రాష్ట్రం ఏర్పడడం చూసి, గుంటూరులోనే పెద్దవాడై పోయారు. ఆయన పోయిన 27 ఏళ్ళకు, 1985 జులై 17న, కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. చుండూరు అప్పట్లో ఆయన జిల్లాలోనే ఉండేది. 2007లో ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుని శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. చౌదరయ్య దెబ్బ కల్పన అనుకున్న పాఠకులు ఎవరైనా ఉంటే వారి సందేహం తీరడానికి ఆ రెండు ఊళ్ళు చాలు.

కిందటేడు మా ఊరి గ్రంథాలయానికి వెళ్ళాను. జాబితాలో 'మాలపల్లి' ఉంది. అద్దాల బీరువాలో పై అరలో కనిపిస్తోంది కూడా. బీరువాకు తాళం వేసి ఉంది. గ్రంథపాలకుడు వారానికి రెండు రోజులు వస్తాడట, ఆ రోజు రాలేదు. పత్రికలు చదవడానికి వచ్చిన ముసలాయన ఒకరు ఏ పుస్తకం కావాలని అడిగారు. ఈసారి పేరు గట్టిగానే చెప్పాను. ఆయన బీరువా వైపు చూసి, తర్వాత నా ముఖం వైపు చూశారు.